ఆకు కట్టకు లెక్కుంది, కూలీ ఒంటికేదీ?

తునికాకు కోసే అక్కలారా, అన్నలారా! కల్లేదార్లారా! అటవీ, వైద్య శాఖల అధికారులారా!

ఎండలు ముదిరాయంటే ఏజెన్సీ పల్లెలు తెల్లారకముందే అడవి బాట పడతాయి. ఆకు కోసి, మూట నెత్తినెత్తుకుని ఇంటికొచ్చి, యాభై ఆకులకో కట్ట కట్టి కల్లంలో అప్పగించాలి. కట్టలో నాలుగాకులు తగ్గితే పక్కన పడేస్తారు. ఆ ఆకు కోసిన మనిషి ఒంటిమీద పిడుదులెన్ని పట్టాయో అడిగే నాథుడు లేడు.

పిడుదు ఎగరదు, దూకదు. గడ్డి కొసనో పొద చివరనో ముందుకాళ్లు చాచి కాచుకుంటుంది. రాసుకుపోయేది మేకైనా మనిషైనా దానికొకటే. తునికి పొదలు మోకాలెత్తు, నడుమెత్తు కనుక మనం దాని నోటికాడికే వెళ్తున్నట్టు. ఎక్కాక మోకాలి వెనక, గజ్జల్లో, చంకలో, చీర కుచ్చిళ్ల కింద, చెవి వెనక కరుచుకుంటుంది. నొప్పి తెలియదు. పిల్ల పిడుదైతే నువ్వుగింజంత కూడా ఉండదు, మట్టి మరకనుకుంటాం.

కనబడగానే మనం చేసేదేమిటి? కిరోసిన్ పోస్తాం, సున్నం రాస్తాం, బీడీ చురక పెడతాం. బీడీ ఆకు కోసేవాళ్లం కదా, బీడీ చేతికందుతుంది! అలా బాధపెడితే పిడుదు తన కడుపులోని రోగాన్ని మన గాయంలోకే కక్కే ప్రమాదముంది. గోళ్లతో నలపడమూ అంతే చెడ్డది. ముల్లు తీసే సన్నమొనల చిమటాతో చర్మానికి ఆనించి, దాని తల దగ్గర పట్టుకోవాలి. మెలి తిప్పకుండా, కుదపకుండా, నిదానంగా నిటారుగా లాగాలి. తర్వాత సబ్బుతో కడగాలి. నోటి ముక్క లోపల మిగిలి, తేలిగ్గా రాకపోతే బ్లేడుతో కెలకొద్దు, అదే బయటికొస్తుంది.

1957లో కర్ణాటక శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు వరుసగా చచ్చాయి. ఊళ్లలో మనుషులు జ్వరంతో, రక్తస్రావంతో పడిపోయారు. పిడుదులు మోసే వైరస్ దానికి కారణమని తేలింది. ఆ జబ్బు తర్వాత కేరళ, తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లోనూ బయటపడింది. దానికి ప్రత్యేకమైన మందు నేటికీ లేదు. అందుకే కర్ణాటక వైద్య శాఖ అడవి పల్లెల్లో పిడుదులు పట్టకుండా ఒంటికి రాసుకునే నూనె ఉచితంగా పంచుతోంది.

దక్షిణాదిలో పిడుదులతో వచ్చే మచ్చల జ్వరం మరొకటుంది. అరచేతుల్లో, అరికాళ్లలో కూడా ఎర్ర మచ్చలు పొడుచుకొస్తాయి. డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది, తొందరగా గుర్తించాలంతే. మామూలు జ్వరమని అమాక్సిసిలిన్ ఇచ్చి పంపితే అది పనిచేయదు.

కాబట్టి మేం కోరేది పెద్ద ఖర్చేం కాదు. కల్లం తెరిచే ముందే ప్రతి కూలీకి ఒక చిమటా, సీజన్‌కు సరిపడా పిడుదుల నూనె ఇవ్వాలి. ఆకు మీద లాభం తీసేవాళ్లే ఈ ఖర్చూ భరించాలి. ఆకు సీజన్‌లో జ్వరమని వచ్చినవాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో "అడవికెళ్లావా?" అని అడిగి, ఒళ్లంతా చూడాలి.

అక్కలారా! చీర మీద నిండుచేతుల చొక్కా తొడగండి. ఇంటికి రాగానే స్నానం చేసి, ఒకరి ఒళ్లు ఒకరు చూసుకోండి, పిల్లల తలలు వెతకండి. పిడుదు పట్టిన రెండు వారాల్లోపు జ్వరమొస్తే ఆ మాట డాక్టరుతో తప్పక చెప్పండి. కట్ట రేటు మాట్లాడే రోజునే చిమటా, నూనె సంగతి కూడా గట్టిగా అడగండి.