సగంలో మూసిన పుస్తకం

కంచంలో మెతుకు మిగిలితే మా అమ్మ ఊరుకునేది కాదు. "పెట్టించుకున్నదంతా తిని లేవాలె" అనేది. ఆ మాటను పుస్తకాలకు కూడా ఎప్పుడు అంటగట్టుకున్నానో నాకే తెలియదు. నచ్చకపోయినా, పేజీ పేజీకి కునుకు వస్తున్నా, చివరిదాకా ఈడ్చేదాన్ని. మధ్యలో ఆపితే ఏదో తప్పు చేసినట్టు ఉండేది.

ఇప్పుడు ఆపేస్తున్నాను. మీరూ ఆపండి అంటాను. అన్నీ కాదు, ఆ సంగతి తర్వాత చెప్తా.

నాకు రోజులో దొరికేది మధ్యాహ్నం గిన్నెలు సర్దుకున్నాక ఒక్క గంట. ఆ లెక్కన మూడొందల పేజీల పుస్తకానికి దగ్గర దగ్గర నెల పడుతుంది. ఇంట్లో ఇష్టం ఉన్నా లేకున్నా పూర్తి చేయాల్సిన పనులు బోలెడు. బట్టలు సగం ఉతికి లేవలేం కదా! పుస్తకం ఒక్కటే లేవనిస్తుంది.

ఏడో తరగతితో చదువు ఆపేసిన మా అత్తమ్మకు ఈ తెలివి ఎప్పుడో ఉంది. వారపత్రికలో కొత్త సీరియల్ రెండు వారాలు చూసేది. నచ్చకపోతే "ఇగ ఈమె ఏడ్పు తెగదు" అని పేజీ తిప్పేసేది. బీఏ తెలుగు చదివిన నాకు ఆ ధైర్యం రాలేదు.

నల్లగొండ ఎన్జీ కాలేజీలో చదివేటప్పుడు విశ్వనాథవారి వేయిపడగలు తెచ్చుకున్నాను. దాదాపు వెయ్యి పేజీలు. పీవీ నరసింహారావు గారు దాన్ని సహస్రఫణ్ పేరుతో హిందీలోకే తెచ్చారట, నేను చదవను కూడా లేనా అని పట్టుదల. పూర్తి చేశాను. అందులో ఏం గుర్తుందంటే, పూర్తి చేసినట్టు గుర్తుంది. వందో పేజీ దగ్గర ఆపి ఉంటే ముప్పై ఏళ్ల వయసులో మళ్లీ మొదలుపెట్టేదాన్నేమో. 'అయిపోయింది' అనుకోవడం వల్ల ఇరవై ఏళ్లు దాని జోలికే పోలేదు.

పుస్తకం దొరకడమే కష్టమైన కాలం ఒకటి ఉండేది, నిజమే. మా నకిరేకల్ వైపు మాధవరంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మాడు. అట్లా చేతికి వచ్చిన పుస్తకాన్ని ఎవరు వదులుతారు? ఇప్పుడు నా అల్మారాలోనే చదవనివి ముప్పై ఉన్నాయి.

ఇక వదలకూడనివి. దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు రెండుసార్లు మూసేశాను. దొరసాని వెంట అరణంగా గడీకి వచ్చిన ఆడబాపల బతుకు చదువుతుంటే అన్నం సయించలేదు. కానీ అది విసుగు కాదు. విసుగైతే మూసినాక మరిచిపోతాం. ఇది వంటింట్లోకి కూడా వెంట వచ్చింది. మూడోసారి పూర్తి చేశాను, చేసినందుకు సంతోషమే.

ఈ తేడా తెలియకముందే మా అమ్మాయి దగ్గర పొరపాటు చేశాను. ఆరో తరగతి ఎండాకాలం సెలవుల్లో ఓ నీతికథల పుస్తకం చేతిలో పెట్టి, "ఇది అయిపోతేనే ఫోన్" అన్నాను. పది రోజులు మూతి ముడుచుకుని చదివింది, తెచ్చి అప్పగించింది. ఆ తర్వాత మూడేళ్లు పాఠ్యపుస్తకం తప్ప తెలుగు ముట్టలేదు. నచ్చలేదు అని ఆ రోజు నాతో చెప్పే వీలే నేను ఇవ్వలేదు.

మొన్న నేను వదిలేసిన నవల ఒకటి బల్ల మీద చూసింది.

"సగమే చదివినవ్ గదమ్మా?"

"బాగలేదు బిడ్డా, ఇడిసిపెట్టిన."

"ఇడిసిపెట్టొచ్చా?" అని నన్ను అనుమానంగా చూసింది. నవల తీసుకుపోయి, సాయంత్రానికి తెచ్చి ఫ్రిజ్ మీద పడేసింది. "నిజమే, బాగలేదు. ఇంకోటి ఏమన్న ఉందా?"

నాలుగు తీసి మంచం మీద పెట్టాను. ఇంకా ఏదీ తెరవలేదు. నేనూ అడగడం లేదు.