సర్వీస్ డాగ్: రద్దీలోనూ అంత ప్రశాంతంగా ఎలా ఉంటుంది? దాన్ని చూసినప్పుడు మనం ఏం చేయకూడదు?

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు, ఏ రెస్టారెంట్‌లోనో టేబుల్ కింద చడీచప్పుడు లేకుండా పడుకున్న కుక్కను మీరు చూసే ఉంటారు. పక్కనే చికెన్ ముక్క పడినా ముట్టదు. పిల్లలు కేకలు వేసినా లేవదు. ‘ఎంత బుద్ధిగా ఉందో’ అంటూ తల నిమరాలనిపిస్తుంది. కానీ ఆ పని చేయకండి. అది డ్యూటీలో ఉంది.

సర్వీస్ డాగ్ అంటే ఏమిటి?

అమెరికాలో 1990లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టాన్ని ఏడీఏ అంటారు. దాని ప్రకారం, వైకల్యం ఉన్న వ్యక్తికి సాయపడేలా ఒక నిర్దిష్టమైన పనిలో శిక్షణ పొందిన కుక్కే సర్వీస్ డాగ్. చూపు లేనివారికి దారి చూపడం, వినికిడి లేనివారిని తట్టి కాలింగ్ బెల్ మోగిందని తెలపడం, వీల్‌చెయిర్‌లో ఉన్నవారికి కింద పడిన వస్తువు తీసివ్వడం లాంటివి ఆ పనులు. పక్కన ఉంటే మనసుకు ధైర్యంగా ఉంటుందని పెంచుకునే ‘ఎమోషనల్ సపోర్ట్’ కుక్క ఈ కోవలోకి రాదు. మన విమానాశ్రయాల్లో కనిపించే సీఐఎస్‌ఎఫ్ జాగిలాలు కూడా వేరు. అవి భద్రత కోసం, ఇది ఒక మనిషి కోసం.

ఆ ప్రశాంతత ఎలా వస్తుంది?

మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో గైడ్ డాగ్‌ల శిక్షణ పాఠశాల మొదలైంది. అమెరికాలో ‘ద సీయింగ్ ఐ’ సంస్థ 1929లో ఏర్పడింది.

ఇప్పుడు చాలా సంస్థలు దాదాపు 8 వారాల వయసున్న కూనను ఒక వాలంటీర్ కుటుంబానికి అప్పగిస్తాయి. బస్సు, లిఫ్ట్, మార్కెట్, జనం... అన్నీ ఆ ఇంట్లో ఉండగానే అలవాటవుతాయి. ఏడాది, ఏడాదిన్నర తర్వాత శిక్షణ కేంద్రంలో నెలల తరబడి అసలు పని నేర్పుతారు. చివర్లో కుక్క, దాని కొత్త యజమాని కొన్ని వారాలు కలిసి సాధన చేస్తారు.

శిక్షణలో కీలకం దూరం. ఇంకో కుక్కను చూడగానే తాడు లాగే కూనను, మొదట దాన్ని పట్టించుకోనంత దూరంలో ఉంచుతారు. ప్రశాంతంగా ఉంటే వెంటనే తినడానికి ఏదైనా ఇచ్చి మెచ్చుకుంటారు. తర్వాత కొంచెం కొంచెంగా దగ్గరికి తెస్తారు. గింజుకుంటే మళ్లీ వెనక్కి తీసుకెళ్తారు. కొట్టి, బెదిరిస్తే కూడా కుక్క కదలకుండా కూర్చోవచ్చు. కానీ అది భయం, ప్రశాంతత కాదు. భయపడిన కుక్క రద్దీలో ఎప్పుడు ఏం చేస్తుందో చెప్పలేం.

ప్రశాంతత అంటే మందకొడితనమూ కాదు. యజమాని ‘ముందుకు పద’ అన్నా, కారు దూసుకొస్తుంటే గైడ్ డాగ్ కదలకూడదు. అంటే అవసరమైనప్పుడు మాట వినకపోవడం కూడా నేర్పుతారు. ఆ క్షణంలో ఎవరో చిటికె వేసి పిలిస్తే, దాని చూపు రోడ్డు మీది నుంచి పక్కకు మళ్లుతుంది. ప్రమాదంలో పడేది దాన్ని నమ్మి అడుగు వేసిన మనిషి.

అన్ని కుక్కలూ ఇందులో నెగ్గవు. శబ్దాలకు బెదిరేవి, ఉడతల వెంట పరుగెత్తేవి శిక్షణ మధ్యలోనే పెంపుడు జంతువులుగా ఇళ్లకు చేరతాయి.

లోపలికి రానివ్వాలా? ఏం అడగొచ్చు?

అమెరికాలో హోటల్, దుకాణం నడిపే తెలుగువారు ఇది తెలుసుకోవాలి. ఏడీఏ ప్రకారం సిబ్బంది రెండే ప్రశ్నలు అడగొచ్చు. వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా? ఏ పనిలో దీనికి శిక్షణ ఇచ్చారు? జబ్బు వివరాలు, కాగితాలు అడగకూడదు. ‘ఆ పని చేయించి చూపించండి’ అనకూడదు. పక్క కస్టమర్‌కు కుక్కలంటే భయమనో, అలర్జీ అనో బయటకు పంపకూడదు.

అయితే కుక్క అదుపు తప్పి, యజమాని ఆపకపోతే, లేదా అది లోపలే మలమూత్ర విసర్జన చేస్తే, దాన్ని బయటకు తీసుకెళ్లమనవచ్చు. మనిషికి మాత్రం సేవ అందించాల్సిందే. కోటు, ఐడీ కార్డు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో అమ్మే ‘సర్టిఫికెట్ల’కు చట్టపరమైన విలువ లేదు. అసలైన పాస్ దాని ప్రవర్తనే. అందుకే పెంపుడు కుక్కకు కోటు తొడిగి లోపలికి తెచ్చేవారు చేసే నష్టం చిన్నది కాదు. అది ఒకరిని కరిస్తే, మర్నాడు నిజమైన సర్వీస్ డాగ్‌తో వచ్చినవారిని అనుమానంగా చూస్తారు.

విమానాలకు నిబంధనలు వేరు. 2021 జనవరి నుంచి అమెరికాలో ఎమోషనల్ సపోర్ట్ జంతువులను ఎయిర్‌లైన్స్ సర్వీస్ జంతువులుగా చూడాల్సిన అవసరం లేదు. కుక్క ఆరోగ్యం, శిక్షణ, ప్రవర్తనపై ఫారం నింపమని అడగొచ్చు.

మన దగ్గర?

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 వివక్షను నిషేధిస్తుంది, సహేతుకమైన సర్దుబాట్లు చేయాలంటుంది. కానీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు ఏం అడగాలో, ఏం అడగకూడదో చెప్పేంత స్పష్టత అందులో లేదు. దీనికి తోడు వీధి కుక్కలు. గైడ్ డాగ్ ఎంత ప్రశాంతంగా ఉన్నా, నాలుగు కుక్కలు మొరుగుతూ చుట్టుముడితే దారి చూపడం కష్టం. కాబట్టి శిక్షణ ఒక్కటే సరిపోదు, వీధి కూడా అందుకు తగ్గట్టు ఉండాలి.

మీరు గుర్తుంచుకోవాల్సినవి

• ముట్టుకోకండి, పిలవకండి, తినడానికి ఏమీ పెట్టకండి. ఫొటో కోసం దారికి అడ్డు రాకండి.
• మాట్లాడాలంటే మనిషితో మాట్లాడండి, కుక్కతో కాదు.
• సాయం కావాలా అని ముందు అడగండి. కుక్క తాడునో, మనిషి చేతినో పట్టుకుని లాగకండి.
• మీ పెంపుడు కుక్క వెంట ఉంటే, తాడు దగ్గరగా పట్టుకుని దూరంగా నడవండి.
• సర్వీస్ డాగ్ ఒంటరిగా వచ్చి మిమ్మల్ని తడుతుంటే మాత్రం తోలేయకండి. యజమాని ఎక్కడో పడిపోయి ఉండొచ్చు. దాని వెంట వెళ్లి చూడండి.