నగరానికి మన చేతులు కావాలి, మన ఇల్లు వద్దా?



హాస్టల్లో ఉన్నన్నాళ్లూ మనం నీళ్ల పప్పునూ, నీళ్లు రాని బాత్రూములనూ తిట్టుకున్నాం. తలమీద ఉన్న కప్పు గురించి మాత్రం ఏనాడూ ఆలోచించలేదు. డిగ్రీ పూర్తయి, ట్రంకు పెట్టె భుజాన వేసుకుని గేటు దాటిన రోజున నాకు దాని విలువ తెలిసింది.

ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాదు వెళ్లాను. టులెట్ బోర్డులు చూసుకుంటూ గల్లీ గల్లీ తిరిగాను. ఒక ఇంట్లో ముందు "ఏ ఊరు బాబూ?" అన్నారు. తర్వాత "ఇంటిపేరు?" అన్నారు. చివరికి "ఇంతకీ మీరేమిట్లు?" అన్నారు. ఉన్నది చెప్పాను. "మా చుట్టాలు ఎవరో వస్తామన్నారు" అని తలుపు వేసుకున్నారు. బోర్డు మాత్రం అలాగే ఉంది. ఇలా మూడిళ్లు. అడ్వాన్సు డబ్బులు జేబులో ఉన్నా గది దొరకలేదు. ఆఖరుకు నాలా పక్కన ఒక బస్తీలో రేకుల గదిలో చేరాను.

1917లో అంబేద్కర్ గారికి బరోడాలో జరిగిందీ ఇదే. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి వచ్చి, సంస్థానంలో పెద్ద ఉద్యోగంలో చేరిన మనిషికి ఆ ఊళ్లో ఉండటానికి చోటు లేకపోయింది. పార్సీ సత్రంలో పేరు మార్చుకుని ఉంటే, సంగతి తెలిసి కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. డబ్బు ఒక్కటే ఇల్లు తెచ్చిపెట్టదని అప్పుడే రుజువైంది. అందుకే బీదలకు ఇళ్లు కట్టించే పని పూర్తిగా మార్కెట్టుకు వదిలేయకూడదని నేనంటాను.

"మా పన్నుల డబ్బుతో వాళ్లకు ఉచితంగా ఇళ్లా? అంతా ఓట్ల కోసమే" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఓట్ల లెక్క లేదని నేనూ అనను. కానీ ఓట్లు లేని కాలంలోనూ ఈ పని జరిగింది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. 1911లో ప్లేగు వచ్చింది. 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి బోర్డును పెట్టి ఇరుకు వాడలను బాగుచేయడం, తక్కువ ఖర్చు ఇళ్లు కట్టించడం మొదలుపెట్టింది. బొంబాయిలో అంతకు ముందే, 1896 ప్లేగు తర్వాత 1898లో ఇలాంటి ట్రస్టు వచ్చింది. బీదల వాడలో పుట్టిన రోగం బంగళా గేటు దగ్గర ఆగదని పాలకులకు అర్థమైంది. యూరపులో వియన్నా నగరపాలక సంస్థ ఇంకా ముందుకు పోయింది. 1923లో ఇళ్ల మీద ప్రత్యేక పన్ను వేసింది. విలాసాల ఇంటికి ఎక్కువ, చిన్న ఇంటికి తక్కువ. ఆ డబ్బుతో 1934 నాటికి 60,000కు పైగా ఇళ్లు కట్టి కార్మికులకు తక్కువ అద్దెకు ఇచ్చింది.

మన దేశంలో ఇది దయతో చేసే పని కాదు, బాధ్యత. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ మురికివాడల అభివృద్ధినీ, పట్టణ పేదరిక నిర్మూలననూ మున్సిపాలిటీల పనుల జాబితాలో చేర్చింది. ఆ పని ఎంత మిగిలి ఉందో 2011 జనాభా లెక్కలే చెప్పాయి. అప్పటికి మురికివాడల్లో ఉన్న కుటుంబాలు విశాఖపట్నంలో 44 శాతం, విజయవాడలో 40 శాతం, హైదరాబాదులో 32 శాతం దాకా ఉన్నాయి. తెల్లవారకముందే రోడ్లు ఊడ్చేవాళ్లూ, అపార్టుమెంట్లకు ఇటుకలు మోసేవాళ్లూ, ఆ అపార్టుమెంట్లలో అంట్లు తోమేవాళ్లూ వీళ్లే. వీళ్లు ఒక్కరోజు రాకపోతే నగరం కంపు కొడుతుంది.

అయితే ఇల్లు ఇస్తే సరిపోతుందా? ఎక్కడ ఇచ్చారన్నది అసలు ప్రశ్న. సికింద్రాబాదు ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్లు తీసేసి, అదే స్థలంలో 2015లో 396 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టి ఇచ్చారు. ఇల్లు మారింది, చేసే పని మారలేదు, పిల్లల బడి మారలేదు. 2023లో కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్లు ప్రారంభించారు. మంచి ఇళ్లే. కానీ అది సంగారెడ్డి జిల్లా. సికింద్రాబాదులో ఇళ్లలో పనిచేసుకునే తల్లి అక్కడినుంచి పొద్దున్నే ఎన్ని బస్సులు మారి రావాలి? ఛార్జీలు పోను చేతిలో మిగిలేదెంత? 1985లో బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో సుప్రీంకోర్టు ఖాళీ చేయించడాన్ని ఆపలేదు గానీ, జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉందని చెప్పింది. పనికి దగ్గరగా ఉండాలనే వాళ్లు ఫుట్‌పాత్ మీద పడుకున్నారు మరి.

ఊరి బయట స్థలం చవక, నగరం నడుమ ఖరీదు అన్నది నిజమే. కానీ ఊరి బయట మనకు చోటు చూపించడం కొత్త సంగతి కాదు కదా! పాత పల్లెలో వాడను ఊరికి దూరంగా పెట్టారు. కొత్త నగరంలోనూ అదే జరిగితే సిమెంటు మారినట్టే గానీ బుద్ధి మారినట్టు కాదు.

మన హాస్టల్‌నే చూడండి. దీన్ని కాలేజీకి నడిచిపోయే దూరంలో పెట్టారు కాబట్టే మనం చదువుకున్నాం. పాతిక కిలోమీటర్ల అవతల పెట్టి ఉంటే, కాలేజీలో సీటు ఉండీ మనలో సగంమంది కూలికి పోయేవాళ్లం. చదువుకు వర్తించే ఈ న్యాయం పనికి వర్తించదా?

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. కూలివాడు నగరంలో సొంతంగా ఇల్లు కట్టి చూడటం ఈ జన్మలో అయ్యే పని కాదు. అందుకే నగరమంతా కలిసి కట్టాలి. తమ్ముళ్లారా, రేపు మీలో ఒకరు మున్సిపల్ ఇంజనీరు అవుతారు, ఒకరు కమిషనర్ అవుతారు. బీదల ఇళ్ల ఫైలు మీ బల్ల మీదికి వచ్చిన రోజున, "ఎన్ని ఇళ్లు?" అని అడిగే ముందు "ఎక్కడ?" అని అడగండి. ఈ హాస్టల్ అన్నం తిన్నందుకు ఆ ఒక్క ప్రశ్న మీరు బాకీ.

– ఒక పూర్వ విద్యార్థి