ఈ నెల ఆకాశం: మీ ఊరిలో కృత్తికలు ఎన్ని?



డిసెంబరు రెండవ వారంలో ఆకాశాన చూడవలసినవి రెండున్నాయి. ఒకటి కృత్తికలు, రెండవది 13, 14 తేదీల రాత్రులలో రాలే చుక్కలు.

రాత్రి ఎనిమిది గంటలకు తూర్పు ముఖంగా నిలబడి తల పైకెత్తండి. చిన్న గుంపుగా మిణుకుమంటున్నవి కృత్తికలు. కొన్ని ఊళ్లలో పెద్దలు వీటిని పిల్లలకోడి అంటారు. ఇంకా కిందుగా, వరుసగా నిలిచిన మూడు చుక్కలు గొల్లకావడి. ఇది మృగశిర ఉన్న రాశిలోనిది. యోబు గ్రంథం 9, 38 అధ్యాయాలలో మీరు చదివిన కృత్తికలు, మృగశీర్షము ఇవే.

కృత్తికల కాంతి మనల్ని చేరడానికి సుమారు 440 ఏళ్లు పడుతుంది. అంటే 1591లో చార్మినారు కట్టిన కాలానికి కొంచెం అటూ ఇటూగా బయలుదేరిన వెలుగు ఈ రాత్రి మీ కంటిలో పడుతున్నది.

ఇక రాలే చుక్కలు. పది గంటల తర్వాత మొదలుపెట్టండి. రెండు గంటల వేళ మరీ బాగుంటాయి. చుక్క రాలితే ఎవరో చనిపోయారని కొందరంటారు. పిల్లలు భయపడనక్కరలేదు. నక్షత్రమేదీ రాలదు. 1983లో కనుగొన్న ఫేథాన్ అనే చిన్న గ్రహశకలం విడిచిన ధూళి మన గాలిలోకి దూసుకువచ్చి మండిపోవడమే అది. చంద్రుడు లేని వేళ, చీకటి ఊరిలో, గంటకు పదుల సంఖ్యలో కనబడతాయి.

పట్నంలో అలా కాదు. క్రిస్మస్ సరుకులకు హైదరాబాదు ఉస్మాన్‌గంజ్ వెళ్లినవారు రాత్రి బస్సెక్కే ముందు ఒకసారి పైకి చూడండి. దుకాణాల దీపాలు, పొగ, దుమ్ము మధ్య గొల్లకావడి దొరకవచ్చును గాని, కృత్తికలను విడివిడిగా లెక్కపెట్టడం కష్టం.

ఒకప్పుడు ఆ నగరమే నక్షత్రాలను లెక్కించింది. నవాబు జఫర్ జంగ్ 1901లో స్థాపించిన వేధశాలను 1908లో నిజాం ప్రభుత్వం తీసుకొన్నది. ప్రపంచంలోని అనేక వేధశాలలు ఆకాశాన్ని పంచుకొని పటం తయారుచేస్తుంటే, బేగంపేటలోని నిజామియా వేధశాల తన వాటాగా లక్షల నక్షత్రాల స్థానాలను కొలిచింది. తర్వాత నగరం పెరిగింది, దీపాలు పెరిగాయి. 1960లలో ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల పెద్ద దూరదర్శినిని సుమారు 55 కిలోమీటర్ల దూరాన, జపాల్, రంగాపూర్ పల్లెల దగ్గర నెలకొల్పింది. చీకటి కోసం పట్నం పల్లెకు రావలసివచ్చింది.

ఆ చీకటి ఇప్పుడు పల్లెలోనూ తరుగుతోంది. వీధిదీపం వద్దనడం లేదు. పాముల భయం ఉంది, రాత్రివేళ ఆడపిల్లలు నడవాలి. అయితే వెలుగు పడవలసింది బాట మీద, ఆకాశం మీద కాదు. దీపానికి పైన మూత ఉంటే బాట బాగా కనబడుతుంది, చుక్కలూ మిగులుతాయి. ఈ మాట మీ పంచాయతీ వారితో చెప్పండి.

ఈ వారం ఇలా చేయండి. 13, 14 తేదీలలో ఇంటి మీద కట్టిన క్రిస్మస్ నక్షత్రాన్ని ఒక గంట ఆర్పండి. టార్చితో నేల చూసుకొని, కళ్లంలోనో డాబా మీదనో మంచం వేసుకొని, దుప్పటి కప్పుకొని పడుకోండి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అంతవరకు సెల్‌ఫోను చూడకండి.

తర్వాత పిల్లలచేత కృత్తికలను లెక్కపెట్టించండి. మామూలు చూపుకు ఆరు, మంచి చూపుకు ఏడు లేక అంతకు మించి కనబడతాయి. ఆ సంఖ్యను, తేదీని నోటుపుస్తకంలో రాయించండి. వచ్చే డిసెంబరులో అదే చోట, చంద్రుడు లేనప్పుడు, మళ్లీ లెక్కించండి. తగ్గితే, ఏ దీపానికి మూత పెట్టాలో ఊరంతా కలిసి ఆలోచించవచ్చును.