ముసలితనానికి ఏది దిక్కు?

తుష్నాబాద్ వైపు ఉన్న మా తెలుగు కుటుంబాల్లో ఈమధ్య నలుగురు కూడితే ఒకటే చర్చ. ఉద్యోగాలు అయిపోయాయి, పిల్లలు సముద్రం అవతల స్థిరపడ్డారు, ఇక మనం ఎక్కడుండాలి? హైదరాబాదు చుట్టుపక్కల, కోయంబత్తూరులో పెద్దవాళ్ళ కోసమే కట్టిన కాలనీలు వచ్చాయి కదా. వందల ఇళ్ళు, ఉమ్మడి భోజనశాల, పిలిస్తే పలికే నర్సు, పార్కు, మధ్యలో గుడి. అక్కడ ఇల్లు కొనాలా, కొంటే ఏ ఇల్లు, ఏ వరస, ఏ అంతస్తు?

చర్చ మొదలైన ఐదు నిమిషాల్లో వాస్తు దగ్గరికి చేరుతుంది. బ్రోషర్‌లో "నూరు శాతం వాస్తు" అని ఉంటుంది మరి! తూర్పు ముఖం ఇళ్ళు ముందే అయిపోతాయి. దక్షిణ ముఖం ఇల్లు మిగిలిపోతుంది, ధర కాస్త తగ్గుతుంది. హేతువాదికి ఇది లాభమే కదా అనిపిస్తుంది. కానీ రేపు మన పిల్లలు అమ్మబోయినప్పుడు కొనేవాడు హేతువాది కాడు. ఇవాళ మనకు తగ్గిన ధర ఆరోజు వాళ్ళకీ తగ్గుతుంది. పక్కవాడి మూఢనమ్మకానికి మనమూ ఇలా కప్పం కడుతూనే ఉంటాం.

హైదరాబాదులో పాత సచివాలయానికి వాస్తు బాగాలేదన్న మాట ఏళ్ళ తరబడి నడిచింది. 2020లో దాన్ని పడగొట్టారు. 2023 ఏప్రిల్ 30న కొత్తది ప్రారంభించారు. అదే ఏడాది డిసెంబరులో, కట్టించిన ప్రభుత్వం ఎన్నికల్లో ఓడిపోయింది. చూశారా వాస్తు ఫలితం అని మనవాళ్ళు నవ్వుకున్నారు. నాకది నచ్చలేదు. కట్టడం వల్ల గెలవనట్టే, కట్టడం వల్ల ఓడలేదు కూడా.

దిక్కుల సంగతి తెలియాలంటే మా ద్వీపాలకు రండి. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో భూకంపం వచ్చాక పోర్ట్‌బ్లెయిర్ (2024 నుంచి శ్రీవిజయపురం) పరిసరాల్లో నేల సుమారు ఒక మీటరు కుంగింది. ఉత్తర అండమాన్ పడమటి తీరాన మాత్రం పగడపు దిబ్బలు నీళ్ళ పైకి లేచాయి. సిప్పీఘాట్‌లో వరి పండిన పొలాలు ఉప్పునీటి మడుగులయ్యాయి. ఈశాన్యం పల్లం, నైరుతి మెరక అని కొలిపించి కట్టుకున్నవాడి పొలంలోకీ, ఏమీ చూడకుండా కట్టుకున్నవాడి పొలంలోకీ నీళ్ళు ఒకే మట్టంలో వచ్చాయి. దిక్కు అసలు అవసరం లేదని కాదు. నైరుతి రుతుపవనాల్లో వాన ఏ గోడకు కొడుతుందో, మే నెల ఎండ ఏ గదిలో పడుతుందో చూడాల్సిందే. దానికి వాస్తు పండితుడు అక్కర్లేదు, ఆ ఊళ్ళో పదేళ్ళున్న తాపీమేస్త్రీ చాలు.

ముందు బాత్రూం చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏడాదికి సుమారు 6,84,000 మంది కిందపడి చనిపోతున్నారు, వాళ్ళలో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళు. జారని నేల, పట్టుకోవడానికి గోడకు కడ్డీ, గడప లేని తలుపు, చక్రాల కుర్చీ పట్టే వెడల్పు... ఇవి ఉన్నాయా? ఇలాంటివన్నీ ఉండాలని కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంట్ హోంల కోసం నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. నమూనాయే, రాష్ట్రాలు అమలు చేస్తేనే బలం. కాబట్టి బ్రోషర్ పక్కన పెట్టి టేపు పట్టుకుని వెళ్ళండి.

వాస్తును చూసి నవ్వే మనం కూడా ఇంకోచోట బోల్తా పడతాం. "అక్కడున్నవాళ్ళని అడిగాం, అందరూ బ్రహ్మాండంగా ఉందన్నారు" అంటారు. అక్కడ ఉన్నవాళ్ళు ఉండగలిగినవాళ్ళే కదా! నచ్చక వెళ్ళిపోయినవాడు, మతిమరుపు ముదిరితే కొడుకు తీసుకుపోయినవాడు మీకు పార్కులో కనిపించరు. జ్యోతిష్కుడి దగ్గర జోస్యం ఫలించినవాళ్ళే మళ్ళీ కనిపించడం లాంటిదే ఇది. చాలాచోట్ల ఒప్పందంలో "తమ పనులు తాము చేసుకోగలిగినవారికి" అని ఒక వాక్యం ఉంటుంది. చేసుకోలేని రోజు వస్తే ఏం చేస్తారు, దంపతుల్లో ఒకరు పోతే రెండోవారు అదే ఇంట్లో ఉండొచ్చా, డిపాజిట్ ఎన్నాళ్ళకు తిరిగిస్తారు? ఇవి నోటితో కాదు, కాగితం మీద అడగాలి.

ఇక ఇరుగుపొరుగు. నా అసలు బాధ ఇక్కడుంది. అండమాన్‌కు వచ్చిన తెలుగువాళ్ళలో చాలామంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన మత్స్యకారులు. మా మిత్రుడొకాయన ఒక కాలనీకి ఫోన్ చేసి భోజనశాలలో చేపలు వండుతారా అని అడిగాడు. "లేదు సార్, కావాలంటే బయటికెళ్ళి తిని రావచ్చు" అన్నారట. ఎనభై ఏళ్ళ మనిషి కర్ర పట్టుకుని బయటికెళ్ళి చేపలపులుసు తిని రావాలన్నమాట! శాకాహారం ఎవరిష్టం వారిది, కానీ కాలనీ మొత్తానికి అదే నియమం పెట్టాక ఆ గేటు దగ్గర కులం అడగక్కర్లేదు, వంటగదే అడిగేస్తుంది. గోరా ఏనాడో అన్ని కులాలవాళ్ళనీ కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టారు. మనమేమో ఆ పంక్తిని మళ్ళీ విడదీసి, దానికి మెయింటెనెన్స్ చార్జీ కూడా కడుతున్నాం.

ఒకే వయసువాళ్ళు ఒకచోట చేరితే ఏమవుతుందో అమెరికా ముందే చూసింది. అరిజోనాలో 1960 జనవరి 1న సన్ సిటీ తెరిచారు, వృద్ధుల కోసం కట్టిన ఊరు. అక్కడివాళ్ళు తమ బడి జిల్లాలో కొత్త బళ్ళ కోసం పెట్టిన బాండ్లను పదేపదే ఓట్లేసి ఓడించారు. చివరికి 1970లలో ఆ ఊరిని బడి జిల్లా నుంచే విడదీశారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కిటికీలోంచి చూస్తే పిల్లలు కనిపించని చోట ఉన్నారు, అంతే. మా తిరూర్, మంజేరి ఊళ్ళు మలబారు తిరుగుబాటు తర్వాత ఇక్కడికి పంపిన మాప్పిళ్ళల సొంతూళ్ళ పేర్లు పెట్టుకున్నవి. పక్కనే బెంగాలీలు, రాంచీవాళ్ళు, తమిళులు. ఈ కలగాపులగాన్ని వదులుకుని ఒకే రకం మనుషుల మధ్యకు పోవడమంటే నాకు మనసొప్పదు.

అలాగని తుష్నాబాదే స్వర్గం అనను. గుండెకో మెదడుకో పెద్ద జబ్బు చేస్తే జి.బి. పంత్ ఆసుపత్రి నుంచి చెన్నైకో కోల్‌కతాకో పంపుతారు. ఓడలో రెండు మూడు రోజులు, విమానమైతే టిక్కెట్టు దొరకాలి. మనకు నచ్చే ఇరుగుపొరుగు కోసం ఈ లెక్కను కొట్టేయడం కూడా నమ్మకమే అవుతుంది.

అందుకే నేను చెప్పేది: అరవై ఐదులో కొనేయకండి, అద్దెకు చేరండి. సంక్రాంతికి కాదు, వానాకాలంలో రెండు నెలలు ఉండి చూడండి. రాత్రి రెండింటికి గదిలో గంట నొక్కి, ఎవరు వస్తారో, ఎన్ని నిమిషాలకు వస్తారో గడియారం చూడండి. దగ్గర్లోని గుండె ఆసుపత్రికి సాయంత్రం ట్రాఫిక్‌లో ఒకసారి ఆటోలో వెళ్ళి రండి. భోజనశాల కమిటీ ఎన్నికలు జరుగుతాయో లేదో అడగండి. జరిగే చోటైతే చేపలపులుసు సంగతి మొదటి మీటింగులోనే ఎత్తుదాం.