విల్లు ప్రాచీనమైనంత మాత్రాన వేట ధర్మమగునా?



"తుపాకితో కాల్చుట పాపమైన కావచ్చును. విల్లు చేపట్టి, నేలపై నిలిచి వేటాడుట మాత్రము క్షాత్రధర్మమే కదా! పాండురాజు వేటాడలేదా? దశరథుడు వేటాడలేదా? శ్రీరామచంద్రుడు మృగము వెంట పోలేదా?" అను వాదము ఈమధ్య తరచుగా చెవిని బడుచున్నది. అమెరికాలో స్థిరపడి, అక్కడి మిత్రులతో శరత్కాలమున తెల్లతోక జింకల వేటకు పోవు మనవారు కొందరు ఈ మాట అనుచున్నారు. గోదావరికి ఆవల ఆదిలాబాదు అడవుల అంచున చీకటిలో దుప్పిని పడగొట్టి మాంసము పంచుకొనువారును ఇదే మాట అనుచున్నారు. ఈ వాదమును ఖండించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. ఖండనకు పరమతముల అహింసావాదము అక్కరలేదు. వారు ప్రమాణముగా చూపు ఇతిహాసములే చాలును.

పూర్వపక్షమును సమగ్రముగా చెప్పి పిదప సిద్ధాంతము చెప్పుట మన ఆచార్యుల పద్ధతి. కావున ముందుగా వారి పక్షమును వినెదము. సంప్రదాయ విల్లువేటలో కప్పీలు బిగించిన నేటి యంత్రపు విల్లు ఉండదు; గురి కుదిర్చెడి సాధనము ఉండదు. సాదా విల్లు, నారి, బాణము. మృగమునకు ఇరువది గజముల చేరువకు పోనిదే బాణము వేయరాదని వారి నియమము. దినముల తరబడి కదలక మెదలక కూర్చుండవలెను. ప్రభుత్వపు అనుమతిపత్రము ఉండును. మాంసమును వృథా చేయరు. తోడేళ్లు, కొండసింహములు అనేక ప్రాంతములలో నశించినందున అక్కడ జింకలు మితిమీరి పెరిగినవని, కొన్నిటిని తగ్గించుట అడవికే మేలని వారందురు. ఇందులో అసత్యమేమియు లేదు. ఓర్పు, శ్రమ, నైపుణ్యము ఉన్నవని మనమును ఒప్పుకొందము.

అయితే ఒక ప్రశ్నకు వారు సమాధానము చెప్పవలెను. సంవత్సరమంతటిలో ఆ వేటకు నవంబరు మాసమే అంత ప్రియమైనది ఎందులకు? ఉత్తర అమెరికాలో అది తెల్లతోక జింకలు ముమ్మరముగా జతకట్టు ఋతువు. పది మాసములు ఆకు కదలినను అదరి పారిపోవు పోతుజింక అప్పుడు మేత మాని, నిద్ర మాని, పట్టపగలే ఆడుజింక జాడ వెంట పరుగులిడును. వేటగాడు రెండు కొమ్ములను ఒకదానితో నొకటి రాపాడించి పోతుల పోరాట ధ్వనిని కల్పించును. ఆడుజింక మూత్రగంధమును చెట్లకు పూయును. గొట్టములతో దాని కూతను అనుకరించును. మృగము ఆశతో వచ్చును, బాణము తగులును. ఆయుధ బలమును ఒక చేత తగ్గించుకొని, మృగపు వివేకమును రెండవ చేత అపహరించిన వాడు దానిని సమాన సమరమని పిలుచుట ఎట్లు?

మన దేశమున ఈ విధానము మరింత క్రూరము. మన దుప్పి ఏడాది పొడవునా సంతానము కనగలదు; అయినను వేసవిలోనే పోతుల మదము హెచ్చుగా కనబడును. కొమ్ములు గట్టిపడి, అడవి అంతయు వాటి కూతలతో నిండును. వాగులెండి, నీటిగుంటలు నాలుగైదు మాత్రమే మిగులునదియు అప్పుడే. వేటగాడు ఆ గుంటల వద్దనే మాటు వేయును. ఒక జీవి దాహమును, కామమును రెండింటిని ఎరగా చేసి దానిని చంపుటకు క్షాత్రమను పేరు తగదు.

ఇక పాండురాజు మాట. ఆయనను ఉదాహరించువారు ఆ కథను సగమే చదివినట్లున్నది. ఆదిపర్వమున పాండురాజు అరణ్యమున సంగమించుచున్న మృగమిథునమును చూచి ఐదు బాణములతో కొట్టెను. పడిన మృగము మానుషవాక్కుతో పలికెను. అది కిందముడను ముని. లజ్జచేత మృగరూపము ధరించి యుండెను. అప్పుడు పాండురాజు చెప్పిన సమర్థన నేటి వేటగాండ్ర సమర్థన వంటిదే. మృగములను వేటాడుట రాజులకు తగినదేననెను. అగస్త్య మహర్షి సత్రయాగమున మృగములను వేటాడి దేవతలకు అర్పించెనని పూర్వోదాహరణమును చూపెను.

కిందముని ప్రత్యుత్తరమును సాధకులు సావధానముగా గ్రహింతురు గాక. మృగమును చంపితివని నిన్ను నిందించుట లేదనెను. నన్ను గాయపరచితివనియు కాదనెను. సకల ప్రాణులకు ఇష్టమైనదియు, హితమైనదియు అయిన ఆ సమయము ముగియువరకు నీవు వేచియుండవలసినది. దయగలవాడు అదే చేయుననెను. శత్రువునైనను అతడు ఏమరియున్న వేళ కొట్టుట ప్రశస్తము కాదనెను. ఇంకొక మాటయు కలదు, అది ఈ చర్చకు ప్రాణము. నేను బ్రాహ్మణుడనని నీవెరుగవు గనుక నీకు బ్రహ్మహత్యాదోషము అంటదని మునియే స్వయముగా ప్రకటించెను. అనగా శాపము వచ్చినది మునిని చంపినందులకు కాదు. జింకను ఆ క్షణమున చంపినందులకు. ఇంతకంటె స్పష్టమైన నిర్ణయము ఏ ధర్మశాస్త్రమున కావలెను?

ఫలము మనకందరకు తెలిసినదే. పాండురాజు తన బుద్ధి మృగయా వ్యసనమున పడి అధమమైనదని తానే విలపించి, వేటను విడిచి, ఏ ప్రాణికిని హాని చేయనని వ్రతము పట్టి తపస్సుకు పోయెను. తుదకు వసంతకాలమున, అరణ్యమున, మాద్రిని చేరిన క్షణముననే మరణించెను. ఏ క్షణమున పరుని ప్రాణము హరించెనో అదే క్షణమున తన ప్రాణము పోయెను. ఈ రాజును వేటకు సాక్షిగా పిలుచువారు, ఆ సాక్షి తమకు విరుద్ధముగా పలుకుచున్నాడని గమనింపరు.

రామాయణమును చూడుడు. ఆదికావ్యమునకు మూలమేమి? తమసా తీరమున జంటగా విహరించుచున్న క్రౌంచములలో మగపక్షిని నిషాదుడు కొట్టుట. నిషాదుడు వేటచే జీవించువాడు. పక్షిని కొట్టుట అతని వృత్తియే. అయినను వాల్మీకి మహర్షి అధర్మమని తలంచి శపించెను. శోకము శ్లోకమైనది. మన రెండు ఇతిహాసములలోను ఒకే దోషము ఇట్లు కనబడుచున్నది. భారతమున పాండవుల జన్మకథకు ముందు అది ఉన్నది, రామాయణమున కావ్యజన్మకు ముందు అది ఉన్నది. ఇది యాదృచ్ఛికమని నేను తలంపను.

ఇక్కడ ప్రతివాది ఒక బలమైన ఆక్షేపణ తేగలడు. కిష్కింధాకాండమున వాలికి సమాధానము చెప్పుచు శ్రీరాముడు, వలలతో, పాశములతో, చాటున నుండియు మనుష్యులు మృగములను పట్టుదురు, రాజర్షులును వేటకు పోవుదురు, అందు దోషము లేదని చెప్పలేదా? చెప్పెను. అయితే అది ఆ సంవాదమున రాముడు ముందుగా నిలిపిన హేతువు కాదు. తమ్ముని భార్యను చేపట్టిన అపరాధమునకు దండనము అనునది ప్రధాన హేతువు. వేట దృష్టాంతము దాని తరువాతిది. పైగా ఆ దృష్టాంతమున జతకట్టిన మృగముల ప్రసక్తియే లేదు. సామాన్యముగా ఒకదానికి దోషము లేదన్నచో, విశేష నిషేధము తొలగిపోదు. అన్నము భుజించుట దోషము కాదు. ఏకాదశినాడు భుజింపరాదను నియమము దానిచే చెడునా?

ధర్మశాస్త్రముల అభిప్రాయమును కూడ చూతము. మనువు రాజులకు కామజనితములైన వ్యసనములు పది యని లెక్కించి, వానిలో వేటను మొట్టమొదట చెప్పెను. మద్యము, జూదము, స్త్రీలోలత, వేట అను నాలుగును అతికష్టములనెను. కౌటిల్యుడు మరియొక విధముగా వేటలో దేహవ్యాయామము, గురి కుదురుట వంటి గుణములున్నవని ఒప్పుకొని, జూదము దానికంటె చెడ్డదనెను. ఆ కౌటిల్యుడే అభయవనములను విధించి, వానిలో మృగములను చంపిన వారికి ఉత్తమసాహస దండము వేయుమనెను. అశోక చక్రవర్తి తన పట్టాభిషేకమునకు 26 సంవత్సరముల పిదప వ్రాయించిన శాసనమున, గర్భముతో ఉన్నవి, పాలిచ్చునవి అయిన మేకలను, గొర్రెలను, పందులను, ఆరు నెలలు నిండని వాటి పిల్లలను చంపరాదనెను. మాంసమును సంపూర్ణముగా నిషేధింపని వారు సైతము కాలమును, అవస్థను చూచిరి.

వేటకు అనుకూలురందరు చదువవలసిన ఘట్టము అరణ్యపర్వమున ఒకటి కలదు. పాండవులు ద్వైతవనమున వేటచే జీవించుచుండగా ఒక రాత్రి ధర్మరాజు స్వప్నమున జింకలు కన్నీటితో కనబడెను. మేము బీజమాత్రముగా మిగిలితిమి, మీరు నివాసము మార్చుకొనిన మేము మరల వృద్ధి పొందెదమని వేడుకొనెను. ధర్మరాజు వాదింపలేదు. విల్లు ప్రాచీనమైనదనలేదు, క్షత్రియుడననలేదు. ఉదయమున తమ్ములకు చెప్పి, పరివారముతో కామ్యకవనమునకు పోయెను. ఆకలికై వేటాడిన వాడే బీజము మిగిలినప్పుడు ఆగెను. వినోదమునకై వేటాడువానికి ఆగుటలో కష్టమేమి?

ఇప్పుడు మన నేలకు వత్తము. ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలోని కవ్వాల 1965లో అభయారణ్యమైనది. 2012లో పులుల సంరక్షణ కేంద్రముగా ప్రకటింపబడినది. సుమారు 2,015 చదరపు కిలోమీటర్ల ఆ వనము నేటి కౌటిల్యుని అభయవనము. మహారాష్ట్రలోని తడోబా వైపునుండి పులులు ప్రాణహిత దాటి ఇటు వచ్చుచున్నవి. దుప్పులు లేనిచో వచ్చిన పులి నిలువదు. ఆకలిగొన్న పులి పశువుల మందపై పడును. అక్కడ నేడు వేటకు వాడునది విల్లు కూడ కాదు. ఉచ్చులు, కరెంటు తీగలు. ఆ తీగలకు దుప్పి చచ్చును, పులి చచ్చును, తెల్లవారుజామున పొలమునకు పోవు మనుష్యుడును చచ్చును. దీనిని ఏ పురాణముతో సమర్థింతురు?

ఒక అపార్థమును ఇక్కడనే తొలగించవలెను. ఈ వ్యాసము గోండు, కొలాము సోదరులపై అభియోగము కాదు. అడవిని దేవతగా కొలిచి, ఆ అడవి మిగులుటకు కారకులైన వారికి ధర్మోపన్యాసము చేయు అర్హత పట్టణములో మాంసము కొనువారికి లేదు. పంటను అడవిపందులు తొక్కివేయగా కన్నీరు పెట్టు రైతుపైనను నాకు కోపము లేదు. అతనికి సకాలమున పరిహారము అందవలెను. నా ఆగ్రహము, అతిథికి అడవిమాంసము పెట్టితినని గర్వించు గృహస్థునిపై. ఆదివారమున పిల్లలను కరీంనగర్ జింకల పార్కుకు తీసికొనిపోయి చూపించి, సోమవారమున దుప్పిమాంసమునకు రహస్యముగా కబురుపెట్టువానిపై. కొనువాడు లేనిచో ఉచ్చు పన్నువాడు ఉండడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నేరమన్నది. చట్టమునకు ముందే వ్యాసుడు అన్నాడు.

మా పౌరోహిత్య వర్గమునకును ఒక మాట చెప్పక తప్పదు. ఉపనయనమునకు కృష్ణాజినము కావలెనని, జపమునకు జింకచర్మమే శ్రేష్ఠమని చెప్పి యజమానులను దొంగ వ్యాపారుల వద్దకు పంపుచున్న వారున్నారు. వేటగాడు విల్లును చూపి ప్రాచీనమన్నట్లే వీరు చర్మమును చూపి ప్రాచీనమందురు. ధ్రువపత్రము లేని చర్మమును కొనుట చట్టరీత్యా నేరము, శాస్త్రరీత్యా అనావశ్యకము. మనలో అధికుల సూత్రకారుడైన ఆపస్తంబ మహర్షి బ్రాహ్మణునికి కృష్ణమృగ చర్మమును చెప్పి, ఆ వెంటనే గొర్రెచర్మము సర్వవర్ణములకును పనికివచ్చుననెను, కంబళమును కూడ చెప్పెను. కరీంనగర్ సీమలో కురుమలు నేసిన గొంగడి కంటె శుద్ధమైన కంబళము ఎక్కడ దొరకును? వటువు ఒడలిపై గొంగడి కప్పుడు. కర్మకు లోపము రాదు, జింక ప్రాణము నిలుచును, నేతగానికి అన్నము దొరకును. ఇట్లు చేయు పురోహితుని యజమానులు తప్పుపట్టరాదు. చర్మము కావలెనని పట్టుబట్టు పురోహితుని ప్రశ్నింపవలెను.

అమెరికాలోని మన పిల్లలకు తుదిమాట. నాయనలారా, అక్కడి చట్టము మీకు అనుమతి ఇచ్చియుండవచ్చును. చట్టము అనుమతించినదంతయు ధర్మము కాదు. విల్లువిద్య నేర్వవలెనన్న నేర్వుడు. ఏకాగ్రతకు అది మంచి సాధనము, గడ్డిబొమ్మలకు గురిపెట్టుడు. మిత్రులు నవంబరులో పిలిచినప్పుడు కిందముని కథను వారికి చెప్పుడు. మన ధర్మపురిలో మనము కొలుచు స్వామి సగము నరుడు, సగము మృగము. స్తంభమునుండి వెలువడిన ఆ దేవుడు మృగముఖమును ధరించుటకు సంకోచింపలేదు. ఆ ముఖమునకు హారతి పట్టిన చేతితో, జతను వెదకుచు మైమరచి వచ్చు జింకకు బాణము సంధింపకుడు.

శ్రీలక్ష్మీనృసింహార్పణమస్తు. స్వస్తి.