మా ఒంటి గుట్టు మీ సొత్తు కాదు

ఒకప్పుడు డాక్టరు మనల్ని ముట్టుకోలేదు. ఇప్పుడు పరిశోధనలకి మన నెత్తురు కావాలి, మన పిల్లల జబ్బలు సూదులకి కావాలి, మన జబ్బుల లెక్క కంప్యూటర్లకి కావాలి. అప్పుడు మన ఒళ్లు మైల. ఇప్పుడు మన ఒళ్లు ముడిసరుకు. అప్పుడూ ఇప్పుడూ కరువైంది ఒక్కటే: ఎదురుగా కూచుని, అర్థమయ్యే భాషలో చెప్పి, "నీకు ఇష్టమేనా?" అని అడగడం.

1929లో కాఠియవాడ్‌లో ఒక దళిత బడిపంతులు భార్య బాలింతగా ఉండి జబ్బు పడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఆమెనే వాడ బయటికి మోసుకొచ్చారు. థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన పంతులుకిచ్చాడు, పంతులు భార్యకిచ్చాడు. మళ్లీ అదే దారిన వెనక్కి. ఆమె బతకలేదు. ఈ గోడుని బాబాసాహెబ్ అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసిపెట్టారు.

సరిగ్గా 80 ఏళ్ల తర్వాత, 2009లో, ఖమ్మం జిల్లాకి డాక్టర్లు వాళ్లంతట వాళ్లే వచ్చారు. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేలమందికి హెచ్.పి.వి. టీకా వేశారు. వేయించింది అమెరికాకి చెందిన పాత్ అనే సంస్థ. తోడు నిలిచింది ఐ.సి.ఎం.ఆర్., అప్పటి రాష్ట్ర ప్రభుత్వం. గుజరాత్‌లో వడోదర జిల్లాలోనూ ఇదే జరిగింది. హాస్టళ్లలో చదివే ఆదివాసీ, దళిత పిల్లలు సులువుగా దొరికారు. గొడవ లేచాక 2010 ఏప్రిల్లో కేంద్రం దీన్ని ఆపించింది.

2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ఇచ్చింది. మన రాష్ట్రంలోని 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. రెండూ కలిపితే దాదాపు సగం! అమ్మానాన్న అడవిలోనో, పొలంలోనో ఉండగా పిల్లల ఒంటి మీద హక్కు వార్డెనుకి ఎవరిచ్చారు? చదవలేని తల్లి వేలు పట్టి ఇంకులో ముంచినంత మాత్రాన అది అంగీకారమైపోతుందా?

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మనం టీకాలకి వ్యతిరేకం కాదు. గర్భసంచి ముఖద్వారం క్యాన్సరు పేద ఆడవాళ్లనే ఎక్కువగా మింగుతోంది, దాన్ని ఆపే టీకా మన పిల్లలకీ అందాల్సిందే. ఆ రెండు జిల్లాల్లో ఏడుగురు పిల్లలు చనిపోతే, ఆ చావులకి టీకాతో సంబంధం లేదని ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ చెప్పింది. మన తగాదా మందుతో కాదు. అడగకుండా వేయడంతో. మంచి మందైతే అడిగి వేయడానికి భయమెందుకు?

ఇప్పుడు ఇంకుడబ్బా పోయింది, ఫోను వచ్చింది. తెరమీద ఇంగ్లీషులో పేజీలకి పేజీలు, అడుగున "అంగీకరిస్తున్నాను" అని ఒక మీట. అది నొక్కితేనే ముందుకి పోనిస్తుంది. ఇది కొత్త వేలిముద్ర కాక మరేంటి? టీబీ గురించో, తెల్లబట్ట గురించో, హెచ్.ఐ.వి. గురించో తెలుసుకుందామని మన పిల్ల ఏ వైద్య వెబ్‌సైటో తెరిచిందనుకోండి. ఎవరు చూశారు, ఏం చూశారు, ఏ ఫోను నుంచి చూశారు అన్నది అవతల నమోదు కావచ్చు. ఆ గుట్టు ఎవరి దగ్గర ఉంటుంది? ఎన్నాళ్లుంటుంది? ఎవరికి అమ్ముతారు?

"పేర్లు తీసేశాం, భయం లేదు" అంటారు. పట్నంలో అది కొంత నిజం కావచ్చు. అరవై గడపల మాదిగ వాడలో "ఎస్సీ, ఆడ, 32 ఏళ్లు, భర్త లేడు, హెచ్.ఐ.వి." అని రాస్తే పేరెందుకు? చదివినవాడికి ఇల్లు కూడా తెలిసిపోతుంది. ఆమెని కూలికి పిలవరు. ఆమె బిడ్డ పక్కన బడిలో ఎవరూ కూచోరు. కులం అంటు మీద రోగం అంటు. గుట్టు కాపాడుకోవడం మనకి బతుకు సమస్య.

ఒకందుకు తీసుకుని ఇంకొకందుకు వాడడం కూడా మోసమే. అమెరికాలో హవాసుపాయి అనే ఆదివాసులు మధుమేహం పరిశోధన అనుకుని 1990ల్లో నెత్తురిచ్చారు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు దాన్ని మానసిక జబ్బుల మీద, ఆ జాతి ఎక్కడినుంచి వలస వచ్చిందన్న దాని మీద పరిశోధనలకి వాడారు. ఆదివాసులు కోర్టుకెక్కారు. 2010లో యూనివర్సిటీ 7 లక్షల డాలర్లిచ్చి, మిగిలిన నెత్తురు తిరిగిచ్చేసింది. చిన్న జాతి, గట్టిగా నిలబడితే గెలిచింది.

మన చేతిలోనూ ఆయుధాలున్నాయి. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచి చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. కోరితే నోటీసు తెలుగులో ఇవ్వాలనీ, ఇచ్చినంత సులువుగా అంగీకారాన్ని వెనక్కి తీసుకోనివ్వాలనీ అందులో ఉంది. కానీ దాని రూల్స్ 2025 నవంబరుకి గానీ రాలేదు. పైగా పరిశోధనలకి కొన్ని షరతులతో మినహాయింపు పెట్టారు. ఆ సందులోంచే మన గుట్టు జారిపోయే ప్రమాదం ఉంది. అందుకే కాపలా మనమే కాయాలి.

ఎవరైనా కాగితం తెచ్చినా, ట్యాబు తెచ్చినా ఈ ప్రశ్నలడగండి:

1. ఇది వైద్యమా, పరిశోధనా?
2. చేసేదెవరు? డబ్బులెవరివి?
3. నా నెత్తురు, నా వివరాలు దేనికి వాడతారు? ఇంకెవరికిస్తారు?
4. నాకేమన్నా అయితే వైద్యం, పరిహారం ఎవరిస్తారు?
5. వద్దంటే నా మామూలు వైద్యం ఆగుతుందా? ఆగకూడదు.
6. మధ్యలో మానుకోవచ్చా? ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి?

చదవలేనివాళ్ల తరఫున, పరిశోధన చేసేవాళ్లతో సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలని ఐ.సి.ఎం.ఆర్. 2017 నియమాలే చెబుతున్నాయి. ఆ సాక్షి మన సంఘం మనిషి ఎందుక్కాకూడదు? కాగితం నకలు ఇంట్లో పెట్టుకోండి.

తోటి పంతుళ్లకీ, వార్డెన్లకీ ఒక మనవి. పిల్లల్ని మన చేతుల్లో పెట్టింది చదువు చెప్పమని. వాళ్ల ఒంటి మీద సంతకం చెయ్యమని కాదు. పైనుంచి ఆర్డరొస్తే "తల్లిదండ్రుల్ని పిలిపించండి" అని రాసివ్వండి. ఆ ఒక్క వాక్యం రాయడానికే మనం చదువుకున్నది.

కార్యకర్తలు ఈ పేజీని వాడలో, గూడెంలో రాత్రిపూట చదివి వినిపించండి. చదువురానితనం మన నేరం కాదు. దాన్ని వాడుకోవడమే నేరం. ముట్టుకోమన్నా ముట్టుకోని రోజుల్నించి, అడక్కుండా ముట్టుకునే రోజులదాకా వచ్చాం. ఇక అడిగి, మనం ఔనన్నాకే ముట్టుకునే రోజు తెచ్చుకుందాం.

జై భీమ్!